రోహిణీ కార్తెలో జెల్ నెయిల్స్

గోళ్లకు వేసే జెల్ చిక్కదనం చుట్టూ ఉన్న వేడిని బట్టి మారిపోతుంది. ఎండలకు పలచబడి జారుతుంది, చలికి బ్రష్‌కు లొంగదు. రోళ్లు పగిలే రోహిణీ కార్తెలో విజయవాడలో నేను చూసిన నెయిల్ స్టూడియోలో పని ఏసీ వేయడంతో మొదలవుతుంది. గది చల్లబడేదాకా సీసా మూత తీయరు.

పలచబడిన జెల్ గోరు అంచు దాటి చర్మం మీదికి పాకుతుంది. అందం చెడటం చిన్న సంగతి. గట్టిపడని జెల్‌లో ఉండే హెమా వంటి రసాయనాలు పదేపదే చర్మానికి తగిలితే ఎలర్జీ రావచ్చు, వచ్చాక అది సాధారణంగా జీవితాంతం వదలదు. అందుకే అక్కడ ఐదు వేళ్లకూ ఒకేసారి వేయరు. ఒక వేలికి వేసి, పక్కకు కారినదాన్ని సన్నటి పుల్లతో తుడిచి, జెల్‌ను గట్టిపరిచే ల్యాంప్ కింద కొన్ని సెకన్లు పెట్టించాకే రెండో వేలు పట్టుకుంటారు.

ఏసీ గాలి నేరుగా తగిలే చోట పెట్టిన, గోరుకు మందం ఇచ్చే బిల్డర్ జెల్‌ది మరో తంటా. పేరిన నెయ్యిలా కదలదు, గోరు మీద సమంగా పరుచుకోదు, బ్రష్ గీతలు మిగులుతాయి. సీసాను ఊపితే బుడగలు చేరతాయి. అరచేతుల మధ్య దొర్లించడమో, మూత బిగించి కాసేపు గోరువెచ్చని నీళ్లలో నిలబెట్టడమో మేలు.

ల్యాంప్ కింద పుట్టే వేడి ఇంకో రకం. కాంతి తగలగానే జెల్‌లోని అణువులు గొలుసులుగా ముడిపడతాయి, వేడి ఆ చర్యలోంచే వస్తుంది. పొర మందంగా ఉన్నకొద్దీ చురుకు ఎక్కువ. అరగదీసి పలచబడిన గోళ్లకైతే మరీను. కూర్చున్నవాళ్లు ఉలిక్కిపడి చెయ్యి లాక్కోవడం మామూలే. పలచటి పొరలు వేయడం, ల్యాంప్‌ను లో హీట్ మోడ్‌లో పెట్టడం దీనికి విరుగుడు. చెయ్యి కాస్త బయటికి తీసి మళ్లీ పెట్టొచ్చు గానీ, చెప్పిన సమయం పూర్తికాకుండా లేస్తే లోపల పచ్చిగానే మిగులుతుంది.

నిల్వకు నీడ, చల్లదనం రెండూ కావాలి. ఎక్కువకాలం వేడిలో ఉంటే జెల్ సీసాలోనే చిక్కబడి ముద్దకడుతుంది. ఎండ అంతకన్నా మొండిది. అందులోని అతినీలలోహిత కిరణాలు ల్యాంప్ చేసే పనే చేస్తాయి కాబట్టి, కిటికీ పక్కన మరిచిపోయిన బ్రష్ బిరుసెక్కి చెత్తబుట్టకే పోతుంది. మిట్టమధ్యాహ్నం కొరియర్‌లో వచ్చిన పెట్టెలోని జెల్‌ను ఆ స్టూడియోలో వెంటనే వాడరు. గది వేడికి వచ్చేదాకా నీడన ఉంచి, రంగు అడుగుకు దిగితే పుల్లతో నిదానంగా కలిపి, అప్పుడు గోరు మీద పెడతారు.