ఎదురుకాళ్ళ మనవడు

2018 మార్చిలో మా అమ్మాయి కాన్పుకని మేమిద్దరము డల్లాస్ వెళ్ళాము. ఆవకాయ, పాత చీరలతో కుట్టిన బొంతలు సర్దుకొని, పెట్టెలు రెండుసార్లు తూకము వేయించుకొని మరీ బయలుదేరాము. వెళ్ళిన మరునాడే అమ్మాయి చెప్పింది: "అమ్మా, ముప్ఫై నాలుగో వారము వచ్చింది. బిడ్డ తల ఇంకా పైకే ఉందట."

మేము ఒకరి ముఖము ఒకరము చూసుకొన్నాము. మా మేనత్తకు తొలికాన్పు అలాగే వచ్చింది. మంత్రసాని కాళ్ళు అందుకొన్నది, మొండెము వచ్చింది, తల చిక్కుకొన్నది. బండి కట్టి ఆసుపత్రికి చేర్చేసరికి బిడ్డ దక్కలేదు. ఆ సంగతి అమ్మాయితో అనలేదు.

ఆపరేషను తప్పించుకోవాలని అమ్మాయి కైరోప్రాక్టిక్ వైద్యురాలి దగ్గరకు వెళ్తున్నది. వెన్నుపూసలను, కీళ్ళను చేతులతో సరిచేసే ఈ పద్ధతి 1895లో అమెరికాలోనే పుట్టింది. నిండు గర్భిణి నడుము నొక్కుతారనేసరికి మా గుండెలు జారిపోయాయి. మేమూ వెంట వెళ్ళాము. అమ్మాయిని దిండ్ల మీద బోర్లా పడుకోబెట్టి నడుము కింది ఎముకను కొద్దిగా నొక్కింది. తరువాత వెల్లకిలా తిప్పి పొత్తికడుపు పక్కన వేలితో మెత్తగా పట్టింది. అంతే. మా ఊళ్ళో నూనె పెట్టి తోమే పాటి బలము కూడా లేదు.

"బిడ్డ తిరుగుతుందా?" అని అల్లుడిచేత అడిగించాము.

"బిడ్డను నేను తిప్పను. నడుము బిగువు తగ్గితే బిడ్డకు చోటు దొరకవచ్చు. మాట ఇవ్వలేను" అన్నది. ఆ మాట మాకు నచ్చింది. కాన్పు డాక్టరమ్మ ఇంకొంచెము గట్టిగా చెప్పింది: దీనివల్ల బిడ్డ తిరుగుతుందని సరైన రుజువు లేదట. ఏడో నెలలో నలుగురైదుగురు బిడ్డలలో ఒకరికి తల పైనే ఉంటుంది, చాలామంది తమంతట తామే తిరుగుతారు, నెలలు నిండేసరికి నూటికి ముగ్గురో నలుగురో మిగులుతారు. మా మనవడే గనుక తిరిగియుంటే ఆ వైద్యమే తిప్పిందని ఊరంతా చెప్పియుండేవాళ్ళము. నడుము నొప్పి మాత్రము నిజముగానే తగ్గింది. అమ్మాయి రాత్రిళ్ళు నిద్రపోగలిగింది.

బిడ్డ తిరగలేదు. ముప్ఫై ఏడో వారములో ఆసుపత్రిలో డాక్టరమ్మే కడుపు మీద చేతులు పెట్టి బిడ్డను తిప్పి చూసింది. గర్భసంచి వదులయ్యేందుకు మందిచ్చి, స్కానింగులో చూస్తూ, గుండె చప్పుడు వింటూ చేస్తారు. సుమారు సగము మందికి ఫలిస్తుందట. మేము బయట కూర్చొని ప్రార్థన చేసుకొంటున్నాము. రెండోసారి ప్రయత్నములో బిడ్డ గుండె వేగము తగ్గింది. ఆపేశారు. కాసేపటికి చప్పుడు మామూలైంది.

ఇంటికి వచ్చి అమ్మాయి ఒకటే ఏడుపు. "ఇంకా ముందే నడుము చూపించుకోవలసింది. తప్పు నాదే" అన్నది. అప్పుడు మేనత్త సంగతి చెప్పాము. చెప్పకూడదనుకొన్నది చెప్పేశాము. "ఆమెకు ఆపరేషను అందలేదమ్మా, నీకు అందుతున్నది" అన్నాము. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నము పెట్టమన్నది.

ముప్ఫై తొమ్మిదో వారములో ఆపరేషను చేశారు. మగబిడ్డ, మూడు కిలోల పైమాట. కొన్నాళ్ళు వాడి కాళ్ళు ముఖము దగ్గరికే మడిచియుండేవి. ఇలా పుట్టినవారికి తుంటి కీలు వదులయ్యే అవకాశము ఎక్కువట, అందుకని ఆరు వారాలకు స్కానింగు తీశారు. బాగున్నది.

2022 మేలో వాణ్ణి ఊరికి తీసుకొనివచ్చారు. పక్కింటి అవ్వ అప్పుడే వచ్చి కూర్చొన్నది. "ఎదురుకాళ్ళవాడు తొక్కితే నడుము పట్టు పోతుందమ్మా, ఒక్కసారి తొక్కించండి" అన్నది. అదంతా మూఢనమ్మకమవ్వా, వాడు పిర్రలతో వచ్చాడు, అదీ ఆపరేషనుతో అన్నాము. అవ్వ వినిపించుకోలేదు, అరుగు మీద బోర్లా పడుకొన్నది. వాడు కిలకిలా నవ్వుతూ ఆ నడుము మీద అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేశాడు.

"హాయిగా ఉన్నదిరా నాయనా" అంటూ అవ్వ లేచి, కొంగున కట్టుకొన్న రెండు జామకాయలు వాడి చేతిలో పెట్టింది.