అలమారలో గ్లాసు

కుంపటి దగ్గరికి జరగండి, మొహమాటం వద్దు. ఛత్తీస్‌గఢ్‌లో ఈ కర్గీ రోడ్ జనవరి చలి దుప్పట్లకి లొంగదు.

అదిగో, పెండ్రా రోడ్ వైపు గూడ్సు పోతోంది. అలమారలో ఆ చివరి స్టీలు గ్లాసు చూడండి, ఎలా జుయ్యిమంటోందో! పక్కనున్న ఐదూ కిక్కురుమనవు. బండి జోరు మారితే ఇదీ ఊరుకుంటుంది. చిన్నప్పుడు దయ్యమనుకునేవాణ్ణి. నేల అదురూ, గ్లాసు సొంత అదురూ ఒక్క లయలో కలిస్తేనే ఈ మోత. సితార్‌లో మీటే తీగెల కింద తరఫ్ తీగెలుంటాయి చూశారా? పైన తమ స్వరం పలికితే, ఎవరూ ముట్టుకోకుండానే అవీ పలుకుతాయి.

సితార్ అంటే నాకు కొడవటిగంటి రోహిణీప్రసాద్ గారే గుర్తొస్తారు. బొంబాయిలో భాభా అణు పరిశోధన కేంద్రంలో ఉద్యోగం, ఇంట్లో సితార్, ఈ రెంటి నడుమ తెలుగులో సైన్సు వ్యాసాలు. 1949లో పుట్టి 2012లో పోయారు. వాళ్ళ నాన్నగారు కుటుంబరావు బెనారస్‌లో ఫిజిక్స్ ఎమ్మెస్సీ మధ్యలో వదిలేసి, కథల్లో పడి, చందమామలో స్థిరపడ్డారు. కొడుకు విశాఖలో ఆ ఫిజిక్సే పూర్తిచేశారు. బాకీ తీర్చినట్టు లేదూ? నా ఊహేలెండి.

‘విశ్వాంతరాళం’, ‘మానవ పరిణామం’ అన్న రోహిణీప్రసాద్ గారి పుస్తకాల పేర్లు చూసి జడుసుకోకండి. లోపల వాక్యం చందమామ ఇంట్లో పెరిగింది. సైన్సు రాయడమంటే సంస్కృతం దట్టించడమనుకునే వాళ్ళు మనలో తక్కువా?

మన ఊళ్ళో యూనివర్సిటీకి సి.వి. రామన్ పేరుందా, ఆ రామన్ బడి చదువూ విశాఖలోనే. చెబితే ఇక్కడి పిల్లలు నమ్మరు. ఆయనకీ సంగీతం పిచ్చే. ఉత్త తోలు వాయిద్యం ఇంత శ్రావ్యంగా ఎలా పలుకుతుందని మృదంగాన్నీ తబలానీ పట్టుకుని, 1920లో ‘నేచర్’ పత్రికలో రాశారు. కిటుకంతా మధ్యన మెత్తిన ఆ నల్లటి ముద్ద బరువులో ఉందిట.

మా మనవడిది హిందీ మీడియం. తెలుగు చదవలేడు, నేను చదివితే వింటాడు. మొన్న రోహిణీప్రసాద్ గారి వ్యాసం సగంలో ఉండగా లేచిపోయాడు. విసుగేమో అనుకున్నా. వెళ్ళి ఆ గ్లాసులో సగానికి నీళ్ళు పోసి, గూడ్సు కోసం కాపు కాశాడు. మోగలేదు. ఇవాళ రాత్రి పావువంతే పోస్తాట్ట.