పచ్చికబయలులో రెండు రోజులు

మన కళాశాల వార్షిక సంచికకు ఒక యాత్రావ్యాసం వ్రాసి ఇవ్వవలసిందిగా సంపాదకవర్గంవారు కోరినారు. అమెరికా వెళ్ళి వచ్చినవాడు గనుక నయాగరా జలపాతాన్ని గురించో, న్యూయార్కు నగరంలోని ఆకాశహర్మ్యాలను గురించో వ్రాస్తాడని వారు అనుకొని ఉంటారు. అవి నేను చూడలేదు. నేను చూచి వచ్చినది గడ్డి. దానిని గురించి వ్రాస్తే చదివేవారు ఉంటారా అన్న సందేహం నాకు లేకపోలేదు. అయినా మన విద్యార్థులలో పల్లెలనుండి వచ్చినవారే ఎక్కువ. గడ్డి విలువ ఏమిటో వారికి నేను చెప్పనక్కరలేదు.

2024 ఏప్రిల్ నెలలో నేను కాన్సాస్ రాష్ట్రంలోని విచిటా నగరానికి వెళ్ళినాను. కాలం చేసిన మా తమ్ముని కుమారుడు అక్కడ విమానాల కర్మాగారంలో ఇంజనీరు. వాణ్ణి చూడవలెనన్న కోరిక ఒక కారణమైతే, పెట్టె అడుగున పెట్టుకొని వెళ్ళిన కాగితాలు మరొక కారణం. నందికొట్కూరు ప్రాంతంలోని మా స్వగ్రామంలో మా తండ్రిగారి నాటి బీడు 12 ఎకరాలు మిగిలి ఉన్నది. దానిలో ఎవరూ పంట వేసినది లేదు; గొర్రెలవాళ్ళు మేపుకొంటారు. దానిని కొనడానికి ఒక ఆసామి ముందుకు వచ్చినాడు. సగం వాటా మా వాడిది గనుక, అమ్మడానికి నాకు అధికారమిస్తూ వాడు సంతకం చేయవలె. వెళ్ళిన మొదటి రోజే ఆ మాట ఎత్తవలసింది. ఎత్తలేకపోయినాను. తండ్రి లేని పిల్లవాని ముందు ఆస్తి కాగితాలు పరచవలెనంటే ఎవరికైనా కొంత వేళ చూచుకోవలసి వస్తుంది.

"ఈ శని ఆదివారాలు ఒక చిన్న ఊరికి పోదాం, పెదనాన్నా" అన్నాడు వాడు.

"అక్కడ ఏమున్నది?"

"ఏమీ లేదు. మీకు నచ్చుతుంది" అని నవ్వినాడు.

విచిటాకు ఈశాన్యంగా సుమారు 70 మైళ్ళ దూరంలో కాటన్‌వుడ్ ఫాల్స్ అనే ఊరున్నది. దానికి జంట ఊరు స్ట్రాంగ్ సిటీ. ఈ రెండు ఊళ్ళ జనాభా కలిపినా 1500కు మించదు. కాటన్‌వుడ్ అన్న పేరు విని, మన కర్నూలు మనిషినే గనుక, పత్తి పండే సీమ కాబోలు అనుకొన్నాను. పత్తి లేదు. అది నది ఒడ్డున పెరిగే ఒక పెద్ద చెట్టు పేరు; దాని గింజలకు దూదివంటి నూగు ఉంటుందట. పేరును బట్టి ఊరిని ఊహించరాదని మరొకమారు తెలిసినది.

ప్రెయిరీ అన్న మాట ఫ్రెంచివారిది. పచ్చికబయలు అని అర్థం. మన ఉర్దూ శాఖలోని మిత్రులు మైదాన్ అనవచ్చును గాని, ఇది మైదానంవలె చదునుగా లేదు. గంపలను బోర్లించి ఒకదాని ప్రక్కన ఒకటి పెట్టినట్లు గుట్టలు, వాటి నడుమ వాగులు, చెట్లు వాగుల వెంబడి మాత్రమే. మిగిలినదంతా గడ్డి, ఆకాశం, గాలి. ఆ గాలిని గురించి ఒక్క మాట: టోపీ పెట్టుకొని వెళ్ళేవారు దానిని చేత్తో పట్టుకొని నడవవలె. నా టోపీ మొదటి గంటలోనే ముళ్ళకంచె దాటిపోయినది.

శనివారం ఉదయం మొదట ఊరు చూచినాము. ఇటుకలు పరచిన ఒకే ఒక పెద్ద వీధి, దాని చివర ఎర్రని కప్పుతో, గడియారపు గోపురంతో న్యాయస్థాన భవనం. అక్కడి సున్నపురాతితోనే 1873లో కట్టినారు. నేటికీ అందులో కచేరీ జరుగుతూనే ఉన్నది. కాన్సాస్‌లో ఇప్పటికీ వాడుకలో ఉన్న అటువంటి భవనాలలో ఇదే పాతది. లోపల వాల్‌నట్ కొయ్యతో చేసిన మెలికల మెట్లు పైదాకా పోతవి. నా మోకాళ్ళకు అది మంచి పరీక్ష అయినది. పైనుండి చూస్తే ఊరు ముగిసిన చోటనే గుట్టలు మొదలౌతున్నవి. ఆ 1873 సంవత్సరంలోనే ఈ నేలమీది కాన్సా జాతివారిని, రాష్ట్రానికి పేరు ఇచ్చినవారిని, కౌన్సిల్ గ్రోవ్ ప్రాంతంనుండి దక్షిణాన ఉన్న ఇండియన్ టెరిటరీకి పంపివేసినారని చదివినాను. ఒకే ఏడాదిలో ఒకరికి కచేరీ, మరొకరికి ప్రవాసం. ఈ సంగతి చెబితే మా వాడు కొంతసేపు ఏమీ మాట్లాడలేదు.

ఊరికి ఉత్తరాన కొద్ది మైళ్ళలో 1996లో ఏర్పాటైన టాల్‌గ్రాస్ ప్రెయిరీ జాతీయ పరిరక్షణ క్షేత్రం ఉన్నది. టాల్‌గ్రాస్ అంటే ఎత్తు గడ్డి. సుమారు 11,000 ఎకరాలు. ప్రవేశానికి రుసుము లేదు. నడకదారులు 40 మైళ్ళకు పైగా ఉన్నవి. ఎవరి ఓపిక కొలది వారు నడవవచ్చు. మనిషిని ముంచే గడ్డి అని మా వాడు దారి పొడుగునా ఊరించినాడు. తీరా చూస్తే కొన్ని గుట్టలు బొగ్గువలె నల్లగా కాలి ఉన్నవి. కొన్నింటిమీద గడ్డి నా చీలమండ దాటలేదు. "ఇదేనా నాయనా నీ ఎత్తు గడ్డి?" అన్నాను. అక్కడి ఉద్యోగిని ఆ మాట భావాన్ని గ్రహించినట్లున్నది. సెప్టెంబరులో రమ్మని, అప్పుడు బిగ్ బ్లూస్టెమ్ అనే గడ్డి ఆరడుగుల పైకి ఎదిగి రాగి రంగుకు తిరుగుతుందని చెప్పినది.

కాల్చడం పొరపాటు కాదట. ప్రతి వసంతంలోనూ ఇక్కడి పశువుల పెంపకందారులు పచ్చికకు నిప్పు పెడతారు. వారికంటె ముందు ఇక్కడి ఆదిమజాతులవారు పెట్టేవారు. ఈ గడ్డి మొలిచే కన్ను నేల లోపల ఉంటుంది. వేళ్ళు పదడుగులకు మించి దిగుతవి. పైన మంట పోతే క్రింద ఏమీ కాదు. ఎండిన తుక్కు పోయి, వెలుతురు తగిలి, వారం పది రోజులలో లేత పచ్చ తొంగి చూస్తుంది. ఆ చిగురు మేసిన ఎద్దులకు బరువు బాగా పెరుగుతుంది. నిప్పు పడకపోతే కొన్ని ఏండ్లకు సీడరు చెట్లు ఆక్రమించి పచ్చికను చంపుతవట. క్షేత్రంలో అంతటినీ ఒకేమారు కాల్చక, ఒక్కొక్క ఏడు ఒక్కొక్క భాగం కాలుస్తారు. కాలిన నేలమీద నడిచినప్పుడు వచ్చిన వాసన నాకు క్రొత్త కాదు. మా బీడులో గొర్రెలవాళ్ళు వేసవి చివర నిప్పు పెట్టినప్పుడు ఇదే వాసన. నేను వారిని తిట్టేవాణ్ణి.

ఉత్తర అమెరికాలో ఒకప్పుడు ఈ ఎత్తు గడ్డి 17 కోట్ల ఎకరాలలో ఉండేది. ఇప్పుడు నూటికి నాలుగు వంతులైనా మిగలలేదు. మిగిలినదంతా నాగలి క్రిందికి పోయి మొక్కజొన్న అయినది. ఉన్న కొద్దిలో ఎక్కువ భాగం ఈ ఫ్లింట్ హిల్స్‌లోనే ఉన్నది. ఫ్లింట్ అంటే చెకుముకిరాయి. సున్నపురాతి పొరలలో చెకుముకి ముక్కలు నిండి, పైన మట్టి జానెడైనా లేక, నాగలి కర్రు దిగలేదు. దున్నలేకపోయినారు గనుక పశువులను మేపుకొన్నారు. మనిషి దయతో కాక రాతి మొండితనంతో మిగిలిన పచ్చిక ఇది.

మన రెవెన్యూ లెక్కలలో ఇటువంటి నేలకు పెట్టిన పేరు బంజరు. ఉర్దూలో బంజర్ అంటే ఏమీ మొలవని నేల. తెలుగు పాఠం చెప్పిన 33 ఏండ్లలో ఈ మాటను ఎన్నిమార్లు వాడి ఉంటానో లెక్క లేదు. ఏమీ మొలవనిదైతే తరతరాలుగా గొర్రెలు ఏమి తిని బ్రతికినవో నేను ఎన్నడూ ఆలోచించలేదు.

మధ్యాహ్నం అడవిదున్నలవంటి బైసన్ మందను చూచినాము. ఒకప్పుడు ఈ ఖండంలో కోట్లలో ఉండేవి. 19వ శతాబ్దం ముగిసే నాటికి వేట వలన వందలకు దిగినవి. ఈ క్షేత్రానికి 2009లో దక్షిణ డకోటాలోని విండ్ కేవ్ ఉద్యానం నుండి 13 తెచ్చి విడిచినారు. ఇప్పుడు మంద అయినది. నూరు గజాల దూరంలో నిలిచి చూడవలెనని నియమం. తల్లుల ప్రక్కన ఇటుక రంగు దూడలు రెండు గంతులు వేస్తున్నవి. ఒక ముసలి దున్న మా వైపు తల త్రిప్పి చూచి, మేము లెక్కలోనివారము కామని నిర్ణయించుకొని మళ్ళీ మేతలో పడినది.

తక్కిన వాటిని క్లుప్తంగా చెబుతాను. క్షేత్రంలోనే గుట్టమీద 1882 నాటి ఒంటిగది రాతి బడి ఉన్నది. ఉపాధ్యాయుడు గనుక అక్కడ కొంతసేపు ఊరక కూర్చున్నాను. ఊరికి పడమట ఒక చెరువు, దాని అలుగు క్రింద మెట్లు మెట్లుగా దూకే చిన్న జలపాతాలు ఉన్నవి; పిల్లలు కేరింతలు కొడుతున్నారు. నదిమీద పాత వంతెన ఇప్పుడు పాదచారులకే. దానిమీద నిలిచి గాలం వేసేవారున్నారు. మన విద్యార్థులలో పై చదువులకు ఆ దేశం వెళ్ళేవారు పెరిగినారు గనుక చెబుతున్నాను: నీళ్ళు, మంచి బూట్లు తప్పనిసరి. నడిచి వచ్చిన తరువాత కాళ్ళకు పిడుదులు పట్టినవేమో చూచుకోవలె. నాకు రెండు పట్టినవి.

ఆదివారం తెల్లవారుజామున నాలుగు గంటలకే మా వాడు లేపినాడు. వాని స్నేహితునికి తెలిసిన ఒక రైతు తన పచ్చికలో చిన్న గుడారం వేసి, పక్షులను చూడడానికి అనుమతి ఇచ్చినాడు. సూర్యోదయానికి ముందే లోపల చేరి, పక్షులు వెళ్ళేదాకా కదలరాదు, మాటలాడరాదు. చలికి నా పండ్లు కొట్టుకొంటున్నవి. చీకటి ఇంకా విడిపోలేదు. ఉన్నట్టుండి ఖాళీ కుండ మూతిమీద ఊదినట్లు ఒక శబ్దం, దానికి బదులుగా మరొకటి. కొంచెం వెలుతురు రాగానే కనిపించినవి: కోడిపెట్టంత పక్షులు, పది పదిహేను. ప్రెయిరీ చికెన్ అంటారు. మగవి మెడ ఈకలు కొమ్ములవలె నిక్కబొడుచుకొని, మెడకు రెండు ప్రక్కల నారింజ రంగు సంచులు ఉబ్బించి, కాళ్ళతో నేలను టపటపా తొక్కుతూ ఆడుతున్నవి.

నేను ఆ ఆట సరిగా చూడలేదు. ఆ శబ్దం వినగానే నా మనస్సు అక్కడ లేదు. నాకు పదేండ్లప్పుడు, 1966 ప్రాంతంలో, మా నాయన వెంట వేకువన బీడుకు పోతుంటే ఇటువంటిదే, దీనికంటె గంభీరమైనది, నేలలోనుండి వచ్చినట్లు ఒక శబ్దం వినిపించినది. మా నాయన చేయి అడ్డం పెట్టి నన్ను ఆపినాడు. దూరాన మేకపిల్ల అంత ఎత్తున, తెల్లని మెడతో ఒక పక్షి నిలిచి ఉన్నది. "బట్టమేక" అన్నాడు మెల్లగా. అది ఏడాదికి ఒకే గ్రుడ్డు, అదీ వట్టి నేలమీద పెడుతుందని, కాలు చూచుకొని నడవమని చెప్పినాడు. ఆ పక్షికోసమే 1988లో మన రోళ్ళపాడులో అభయారణ్యం ఏర్పడినది. అభయారణ్యం ఉన్నది, చుట్టుపట్ల బీళ్ళు దున్ని పొలాలైనవి, బట్టమేక దాదాపు కనుమరుగైనది. దేశం మొత్తంమీద మిగిలినవి రెండు వందలు కూడ లేవు, అవీ ఎక్కువగా రాజస్థాన్‌లో.

ఇందులో నా వంతు కూడ ఉన్నది. మా బీడు మొదట 20 ఎకరాలు. 1989లో, "చదువుకొన్నవాణ్ణి చెబుతున్నాను, వట్టి గడ్డిని ఎందుకు ఉంచుకోవడం" అని మా నాయనను ఒప్పించి 8 ఎకరాలు దున్నించినాను. పొద్దుతిరుగుడు వేసినాము. రెండేండ్లు పండి తరువాత అప్పు మిగిల్చినది. ఆ భాగం అప్పుడే అమ్ముడైపోయినది. మా నాయన ఆ విషయం నాతో మళ్ళీ ఎత్తలేదు. కాన్సాస్‌ను పొద్దుతిరుగుడు పూల రాష్ట్రమని పిలుస్తారట. ఊరి దుకాణంలో ఆ పూవు బొమ్మ ఉన్న టోపీని, పోయిన దాని బదులు, మా వాడు నాకు కొనిపెట్టినాడు. ఏమీ అనక పెట్టుకొన్నాను.

తిరుగు దారిలో వాడే అడిగినాడు.

"తాతగారి బీడు ఇంకా అట్లే ఉన్నదా, పెదనాన్నా?"

ఉన్నదన్నాను. కాగితాల సంగతి కూడ చెప్పినాను. దాచి ప్రయోజనం లేదు.

"ఇంటికి పోగానే ఇవ్వండి, సంతకం పెడతాను. మీరు ఏది చేస్తే అది సరే" అన్నాడు.

వాడు కాదంటే వాదించడానికి దారి పొడుగునా మాటలు కూర్చుకొన్నాను. వాడు సరే అనేసరికి అవి పనికిరాకపోయినవి. నేను విచిటాలో ఉన్న తక్కిన పన్నెండు రోజులూ వాడు కాగితాలు అడగలేదు, నేను తీయలేదు.

కొనవచ్చిన ఆసామి ఇప్పటికీ నెలకొకమారు మా గుమ్మం ఎక్కుతున్నాడు. ఏమి చెప్పవలెనో నాకింకా తేలలేదు. ఇంటిలో ఖర్చులు ఆగవు, మా వాడు చిన్నవాడు, నేను ఎన్నాళ్ళుంటానో తెలియదు. వానలు పడిన తరువాత ఒక ఉదయం బీడుకు వెళ్ళి చూచి వచ్చినాను. గడ్డి మోకాలి ఎత్తున లేచి ఉన్నది. గొర్రెలకాపరి పలకరించి, ఎప్పుడూ రానివాడు ఎందుకు వచ్చినాడా అని అనుమానంగా చూచినాడు. నా అడుగుల చప్పుడుకు పూరేళ్ళు నాలుగైదు బుర్రున లేచి, కొంచెం దూరంలో మళ్ళీ గడ్డిలోనే వాలినవి. ఎండ ఎక్కేదాకా అక్కడే ఉన్నాను.