అరవై దాటిన కొడుకులు, ఎనభై దాటిన తల్లులు

పిల్లలు గొప్పవాళ్ళయ్యారని తల్లిదండ్రులు కళ్ళారా చూసుకునే చోటు విజయవాడలో ఒకటుంది. పరీక్షల ఫలితాలు వచ్చిన మర్నాడు తెల్లారేసరికి బెంజి సర్కిల్ నుంచి ఏలూరు రోడ్డు దాకా లేచే ఫ్లెక్సీలు. వరసలు వరసలుగా ఫొటోలు, ఒక్కో ఫొటో కింద ఒక అంకె. అంకె ఎంత చిన్నదైతే ఫొటో అంత పెద్దది. కంకిపాడు నుంచో రేపల్లె నుంచో బస్సెక్కి వచ్చిన తండ్రి ఆ ఫ్లెక్సీ కింద తలెత్తుకుని నిలబడి, చివరి వరసలో తన పిల్ల మొహం దొరికేదాకా వెతుక్కుని, దొరికాక సెల్‌ఫోనులో ఫొటో తీసుకుని వెళ్తాడు. ఎగతాళి చెయ్యడానికి నాకు మనసొప్పదు. కౌలు డబ్బు, చిట్టీ డబ్బు, చివరికి ఇల్లాలి గాజుల డబ్బు కూడా హాస్టలు ఫీజుకే పోయిన ఇళ్ళు మనవి. పదిహేడేళ్ళకల్లా లెక్క తేలిపోవాలని వాళ్ళు కోరుకోవడంలో తప్పేముంది?

చిక్కల్లా నాయకుడయ్యే పిల్లాడితోనే. నూజివీడు రసాలు ఏటా మే నెలకి చేతికొస్తాయి గానీ, ఈ కాపు చేతికొచ్చేసరికి అరవై ఏళ్ళు పడుతుంది. ఎన్టీ రామారావు గారు ముఖ్యమంత్రి అయ్యేటప్పటికి 59. పట్టాభి సీతారామయ్య గారు జైపూర్‌లో కాంగ్రెస్ అధ్యక్షపీఠం ఎక్కేనాటికి 68. పి.వి. నరసింహారావు గారు ప్రధాని అయిన రోజుకి వారం తక్కువ 70. టంగుటూరి ప్రకాశం పంతులు గారు 1946లో మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయినప్పుడు 73. కొడుకుకే డెబ్భై మూడైతే ఇక తల్లి సంగతి ఎవరడుగుతారు?

ఆలస్యం ఒక్కటే అయితే ఎలాగో ఓర్చుకోవచ్చు. నాయకుడయ్యే వాడు ముందుగా ఇంట్లోవాళ్ళు కట్టుకున్న ఆశ మీద నీళ్ళు చల్లిగానీ బయల్దేరడు. ఉన్న ఉద్యోగం మానేస్తాడు, లేదా చదువు మధ్యలో వదిలేస్తాడు, లేదా జైలుకి పోతాడు. అందుకని, నాయకుడైన బిడ్డని చూసుకున్న తల్లిదండ్రులు అన్నప్పుడు నాకు ప్రమాణ స్వీకారం, పూలదండలు గుర్తుకురావు. అంతకు ముప్ఫై నలభై ఏళ్ళ ముందు ఆ ఇంట్లో అన్నం ముద్ద దిగని ఒక రాత్రి ఉండి ఉంటుందే, అది గుర్తొస్తుంది. ఆ రాత్రినీ ఈ పగటినీ రెంటినీ చూసినవాళ్ళు ఎంతమంది?

తెలుగువాళ్ళలో నాకు తట్టే పేరు కల్పకం గారు, సీపీఎం నాయకుడు సీతారాం ఏచూరి గారి తల్లి. ఆ కుటుంబం మద్రాసులో ఉండేది. 1954లో ఆంధ్ర హైకోర్టు గుంటూరులో పెట్టడంతో న్యాయమూర్తిగా ఉన్న తాతగారి వెంట గుంటూరు వచ్చారు. 1956లో మళ్ళీ హైకోర్టుతో పాటే హైదరాబాదు. ఏచూరి రెండేళ్ళ పిల్లాడిగా వచ్చి నాలుగేళ్ళ పిల్లాడిగా వెళ్ళాడు గనక ఆయన్ని మన డెల్టా మనిషని చెప్పుకోవడం కాస్త అత్యాశే. అయినా మనం వదులుకునే రకమా? తండ్రి సర్వేశ్వర సోమయాజులు గారు ఆర్టీసీలో ఇంజనీరు. తల్లి ప్రభుత్వోద్యోగి. జీతాల ఇల్లు, క్రమశిక్షణ, పుస్తకాలు. 1969 తెలంగాణ ఉద్యమంతో హైదరాబాదులో చదువులు ఆగిపోతే అబ్బాయి ఢిల్లీ వెళ్ళాడు. మరుసటి ఏడు సీబీఎస్ఈ హయ్యర్ సెకండరీలో దేశం మొత్తానికి మొదటి ర్యాంకు.

మొదటి ర్యాంకు! ఇవాళైతే ఆ పిల్లాడి ఫొటోకి బెంజి సర్కిల్ చాలదు, కనకదుర్గ వారధి మీద కూడా కట్టాలి. మూడు కార్పొరేటు కాలేజీలు మావాడంటే మావాడని కోర్టుకెక్కుతాయి. సెయింట్ స్టీఫెన్స్‌లో ఆర్థికశాస్త్రం, జేఎన్‌యూలో ఎం.ఏ., తర్వాత పీహెచ్‌డీ. ఆ వరసలో తర్వాతి మెట్టు ఏ తల్లికైనా తెలిసిందే కదా. ఐఏఎస్సో, ప్రపంచ బ్యాంకో. 1975లో ఎమర్జెన్సీ వచ్చింది, అబ్బాయిని అరెస్టు చేశారు, పీహెచ్‌డీ అక్కడే ఆగిపోయింది. మళ్ళీ పూర్తి కాలేదు.

1977 నాటి ఫొటో ఒకటి చాలామంది చూసే ఉంటారు. ఇందిరాగాంధీ నిలబడి వింటోంది. ఆమె ఎదుట విద్యార్థుల గుంపు, చేతిలో కాగితం పెట్టుకుని చదువుతున్న బక్కపలచటి కుర్రాడు. ఎన్నికల్లో ఓడిపోయాక కూడా జేఎన్‌యూ ఛాన్సలర్‌గా మీరెందుకు ఉన్నారని అడుగుతున్న వినతిపత్రం అది. తర్వాత ఆమె ఆ పదవికి రాజీనామా చేసింది. చరిత్ర రాసేవాళ్ళు ఆ ఫొటోలో ఇందిరని చూస్తారు, రాజకీయాల వాళ్ళు ఏచూరిని చూస్తారు. నాకైతే ఆ కుర్రాడి చెంపలు లోపలికి పోయి ఉండటం కనబడుతుంది. ఏ తల్లికైనా ముందు అదే కదా కనబడేది.

కృష్ణా జిల్లాకి హోల్‌టైమర్, అంటే పార్టీకే పూర్తికాలం పనిచేసేవాడు, అనే మాట కొత్త కాదు. ఆస్తిలో తన వాటా తెచ్చి పార్టీకి ఇచ్చేసిన పుచ్చలపల్లి సుందరయ్య గారు నెల్లూరు మనిషైనా విజయవాడ వీధులన్నీ ఆయనకి తెలిసినవే. సీపీఐకి 1964 నుంచి 1990 దాకా ప్రధాన కార్యదర్శిగా ఉన్న చండ్ర రాజేశ్వరరావు గారు ఈ జిల్లా మంగళాపురం వారు. ఆ దారిన పోయిన పిల్లలున్న ఇళ్ళలో, మా అబ్బాయి ఏం చేస్తున్నాడంటే చెప్పడానికి తల్లులకి తడుముకోవాల్సి వచ్చేది. "పార్టీలో ఉన్నాడు" అంటే, "అది సరే, ఉద్యోగం?" అని రెండో ప్రశ్న పడేది. కల్పకం గారి కొడుకు సీపీఎం కేంద్ర కమిటీలోకి వచ్చింది 1984లో, పొలిట్‌బ్యూరోలోకి 1992లో. విశాఖపట్నం మహాసభలో ప్రధాన కార్యదర్శి అయింది 2015 ఏప్రిల్ 19న. అరెస్టయిన నాటి నుంచి లెక్కపెడితే నలభై ఏళ్ళు. కొడుక్కి 62, తల్లికి ఎనభై దాటాయి. ఆ పార్టీకి మొదటి ప్రధాన కార్యదర్శి సుందరయ్య గారి తర్వాత ఆ కుర్చీలో కూర్చున్న రెండో తెలుగువాడు.

ఇంత దూరం చూడగలిగింది తల్లే కావడం ఒట్టి యాదృచ్ఛికం కాదేమో. వెనకటి పెళ్ళిళ్ళ లెక్క అలాంటిది. మొగుడికీ పెళ్ళానికీ ఎనిమిది పదేళ్ళు తేడా. పద్దెనిమిదేళ్ళకి బిడ్డని కన్న తల్లికి, కొడుకు అరవైకి వచ్చేనాటికి డెబ్భై ఎనిమిదే. ఆ తండ్రి బతికుంటే తొంభైకి దగ్గరపడతాడు. బతికుంటే అన్న మాట ఊరికే అనలేదు. లాల్ బహదూర్ శాస్త్రి పసివాడుగా ఉన్నప్పుడే తండ్రి పోయాడు. పట్టాభి గారికీ తండ్రి చిన్నప్పుడే పోయారు. సుందరయ్య గారికి ఆరేళ్ళప్పుడు. ప్రకాశం గారికి పదకొండో ఏట. నరేంద్ర మోదీ 2014లో ప్రధాని అయినప్పుడు ఆశీర్వదించడానికి గాంధీనగర్‌లో మిగిలింది తొంభైల్లో పడ్డ తల్లి.

ప్రకాశం గారి తల్లి సుబ్బమ్మ గారి దగ్గర కాస్త ఆగాలి. భర్త పోయాక పిల్లల్ని వెంటబెట్టుకుని ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపింది ఆవిడ. కోర్టు పనుల మీద వచ్చే వాళ్ళకీ, పరాయి ఊరి వాళ్ళకీ పూటకింతని తీసుకుని అన్నం పెట్టడం. ఆ రోజుల్లో ఒక వితంతువు డబ్బుకి వండిపెట్టడమంటే ఎన్ని మూతులు వంకర తిరిగి ఉంటాయో ఊహించుకోవచ్చు. తెల్లవారుజామున పొయ్యి ముట్టించాలి, విస్తళ్ళు లెక్కచూసుకోవాలి, అరువు పెట్టిన వాళ్ళని అడగలేక అడగాలి. ఆ గంజి వార్చిన చేతి సంపాదన ఫీజులై, కొడుకు రాజమండ్రిలో ప్లీడరై, సీమకెళ్ళి బారిస్టరై వచ్చాడు. ఆ బారిస్టరు గారు 1921లో సహాయ నిరాకరణ అని చెప్పి, మద్రాసులో కాసులు కురుస్తున్న ప్రాక్టీసు ఒక్క దెబ్బకి వదిలేసి, పత్రిక పెట్టి, ఉన్నదంతా దానికి ధారపోశారు. ఒక్కో ఫీజు ఎన్ని విస్తళ్ళకి సమానమో లెక్క తెలిసిన ఇంటి నుంచి వచ్చిన మనిషి! నాకెప్పుడూ ఆయన తెగువ కంటే ఆ లెక్కే ముందు గుర్తొస్తుంది. 1855 నాటి కృష్ణా ఆనకట్ట తెగాక దాని చోట 1957కల్లా కట్టిన బ్యారేజీకి ఆయన పేరు పెట్టారు. సీతానగరం వైపు వెళ్తూ మనం రోజూ ఆ పేరు మీదుగానే నది దాటుతున్నాం. డెల్టా అన్నం తినే ప్రతి ఇంటికీ ఆ గేట్ల నుంచే నీళ్ళు. అన్నం అమ్మి బిడ్డని చదివించుకున్న సుబ్బమ్మ గారి పేరు ఒక్క కాలవకైనా పెడితే బాగుండేదని నా గొణుగుడు. కాలవలకేం, బోలెడు ఉన్నాయి.

తండ్రులు బొత్తిగా చూడలేదని కాదు. చూసిన తండ్రుల్లో చాలామంది కుర్చీ ఇంట్లోనే ఉన్నవాళ్ళు. మోతీలాల్ నెహ్రూ 1928లో గాంధీగారికి ఉత్తరం రాసి మరీ కొడుకు పేరు సూచించారు. 1929 డిసెంబరులో లాహోర్‌లో ఆయన దిగిన పీఠం మీదికే జవహర్‌లాల్ ఎక్కారు, నలభయ్యో ఏట. అమెరికాలో జాన్ ఆడమ్స్ తాను వెనక అధ్యక్షుడిగా చేసినవాడే. కొడుకు అధ్యక్షుడయ్యేనాటికి 89 ఏళ్ళు, భార్య ఆరేళ్ళ ముందే పోయింది. కుర్చీ ఇంట్లో ఉంటే వయసు ఇరవై ఏళ్ళు తగ్గుతుంది, చూసే కళ్ళు కూడా మిగులుతాయి. 2019 మే 30న మన ఇందిరాగాంధీ స్టేడియంలో జగన్‌మోహన్ రెడ్డి గారు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేస్తే తల్లి విజయమ్మ గారు వేదిక మీదే కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. 2024 జూన్ 12న గన్నవరం దగ్గర కేసరపల్లిలో చంద్రబాబు గారు ప్రమాణం చేసిన వేదిక మీదే కొడుకు లోకేశ్ గారూ మంత్రిగా ప్రమాణం చేశారు. రెండు పార్టీల వాళ్ళూ ఎదుటివాళ్ళది వారసత్వమంటారు, తమది త్యాగమంటారు.

దీర్ఘాయువుకి ఇంకో పేచీ ఉంది. కథ మంచి చోట ఆగదు. లాల్ బహదూర్ శాస్త్రి 1964లో ప్రధాని కావడం చూసిన తల్లి రామ్‌దులారీ దేవే, రెండేళ్ళు తిరక్కుండా తాష్కెంట్ నుంచి వచ్చిన శవాన్నీ చూసింది. రోజ్ కెనడీ 104 ఏళ్ళు బతికి, ఒక కొడుకు అధ్యక్షుడవడాన్నీ, ఇద్దరు కొడుకులు తూటాలకి పోవడాన్నీ చూసింది. కల్పకం గారికి 2021 ఏప్రిల్‌లో మనవడు ఆశిష్ కోవిడ్‌తో పోయాడు, ముప్ఫై అయిదేళ్ళయినా నిండకుండా. ఆ సెప్టెంబరు 25న ఆవిడ పోయారు, 89వ ఏట. దేహాన్ని ఢిల్లీ ఎయిమ్స్‌కి ఇచ్చేశారు. మూడేళ్ళకి, 2024 సెప్టెంబరు 12న కొడుకూ పోయారు. ఆ దేహాన్నీ ఎయిమ్స్‌కే ఇచ్చారు.

అసలు చూసే యోగమే లేనివాళ్ళ మాటకొస్తే, వెంకయ్యనాయుడు గారికి ఏడాది బిడ్డగా ఉన్నప్పుడే తల్లి ఎద్దు పొడిచి పోయింది. 2022 ఆగస్టు 8న రాజ్యసభ వీడ్కోలులో సభ్యుడు డెరెక్ ఓబ్రయన్ ఆ సంగతి ఎత్తేసరికి, సభాపతి కుర్చీలో ఉన్న 73 ఏళ్ళ మనిషి కళ్ళు తుడుచుకున్నారు. ఆయనతో ఏ విషయంలోనూ ఏకీభవించని వాళ్ళు కూడా ఆ క్షణాన నోరెత్తలేదు.

ఇక మన నిమ్మకూరు ఎన్టీ రామారావు గారు. బెజవాడ హోటళ్ళకి సైకిలు మీద పాలు పోసిన కుర్రాడు. డిగ్రీ పూర్తి చేసి, సర్వీసు కమిషను పరీక్ష రాసి, గుంటూరు జిల్లా ప్రత్తిపాడులో సబ్‌రిజిస్ట్రారు అయ్యాడు. సబ్‌రిజిస్ట్రారంటే ఆనాటి డెల్టాలో చిన్న మాట కాదు, మూడూళ్ళ అవతల నుంచి పెళ్ళి సంబంధాలు నడిచొచ్చే ఉద్యోగం. మూడు వారాలకే వదిలేసి వేషాల కోసం మద్రాసు రైలెక్కాడు. ఇంట్లో పెద్దవాళ్ళకి ఆ పూట ముద్ద దిగి ఉంటుందా? పాలు పోసిన ఊళ్ళోనే, 1983 మే 28న, సరిగ్గా 60 నిండిన రోజున, దేశంలోని ప్రతిపక్షాల నాయకుల్ని పిలిచి సభ పెట్టారాయన. తర్వాత నేషనల్ ఫ్రంట్‌కి అధ్యక్షుడయ్యారు.

బిడ్డ కుర్చీ ఎక్కడాన్ని తండ్రిగా చూసే వంతు కూడా ఆయనకి వచ్చింది, రాకూడని రకంగా. 1995 సెప్టెంబరు 1న అల్లుడు చంద్రబాబు ముఖ్యమంత్రి అయ్యాడు, దిగింది మామగారు. కన్నబిడ్డల్లో ఎక్కువమంది అటే నిలబడ్డారు. అయిదు నెలలు నిండకముందే, 1996 జనవరి 18న ఆయన పోయారు. ముప్ఫై ఏళ్ళ నాటి మాట. బెజవాడ గాంధీనగరంలో పొద్దున్నే టీకొట్టు దగ్గర చేరే పెద్దమనుషుల్లో ఈ కేసు ఇప్పటికీ నడుస్తూనే ఉంది. పార్టీ బతకాలంటే అలా చెయ్యక తప్పలేదని ఒకాయన అంటాడు. కన్నతండ్రిని అలా చేస్తారా అని ఇంకొకాయన గ్లాసు బల్ల మీద ఠప్పున పెడతాడు. రెండో గ్లాసు టీ అయ్యేదాకా వాదించుకుని, ఎవరి టీ డబ్బులు వాళ్ళే ఇచ్చుకుని వెళ్ళిపోతారు.