పింగాణీ బిళ్ల – ఇంటి పలుకు

పెరియకుళములో మన వంటయిండ్ల గ్యాసు పొయ్యిని వెలిగించు లైటరును ఎల్లరు నెరుగుదురు. అందు చాలవాటిలో బ్యాటరీ యుండదు. మీట నొక్కిన స్ప్రింగు విడివడి, చిన్న సుత్తి యొకటి పింగాణీ బిళ్లను కొట్టును. ఆ దెబ్బకు వేల వోల్టుల విద్యుత్తు పుట్టి నిప్పురవ్వయై దుముకును.

ఒత్తిడిచే కొన్ని స్ఫటికములలో విద్యుత్తు పుట్టునని 1880లో ఫ్రాన్సు దేశమున జాక్ క్యూరీ, పియర్ క్యూరీ అను సోదరులు కనుగొనిరి. విద్యుత్తు నిచ్చిన స్ఫటికము ఆకారము మారవలెనని 1881లో లిప్‌మన్ ఊహింపగా, ఆ సోదరులే దానిని నిరూపించిరి. స్ఫటికముల సౌష్ఠవమునకును ఇట్టి గుణములకును గల సంబంధమును వివరించు గ్రంథమును 1966లో ప్రకటించినవారు, నాటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించిన సూరి భగవంతముగారు.

లైటరులోని బిళ్ల ఒకే స్ఫటికము కాదు. సీసము, జిర్కోనియము, టైటానియముల ఆక్సైడును కాల్చి చేసిన పింగాణీ అది. అందలి సూక్ష్మ రేణువులు తలకొక దిక్కు చూచుచుండుటచే ఒకదాని ఫలమును మరొకటి చెరచును. వేడిచేసి, బలమైన విద్యుత్ క్షేత్రమున నుంచిన, అవి చాలవరకు ఒక దిక్కునకు తిరుగును. క్షేత్రమును తొలగించినను ఆ తీరు నిలుచును. మితిమీరిన వేడి గాని, ఒత్తిడి గాని, ఎదురు క్షేత్రము గాని తగిలిన చెదరును. అప్పుడు బిళ్ల చూపునకు మునుపటివలెనే యుండును, కొట్టినను పలుకదు.

ఊరక నొక్కి పట్టినంత మాత్రమున విద్యుత్తు వచ్చుచుండదు. ఒత్తిడి మారినప్పుడే పుట్టును. పుట్టినది క్రమముగా కారిపోవును.

తెలుగు నేలను విడిచి తరములు గడచిన మన కుటుంబములను తలచినప్పుడు ఈ బిళ్ల నాకు జ్ఞప్తికి వచ్చును. పెద్దలు దిద్దిన దిక్కు మనలో నిలిచినది. కాని 'మేము తెలుగువారము' అని పట్టుకొని కూర్చున్న చాలదు. మా మనుమలకు తెలుగు అర్థమగును. బదులు తమిళమున వచ్చును. బడిలో తమిళము చక్కగా నేర్చుట మేలే. ఈ నేల మనకు అన్నము పెట్టినది. అయినను వినుటతో ఆగిన భాష మరుసటి తరమునకు చేరదు. ఆసుపత్రి స్కానింగులో ఇట్టి బిళ్లయే విద్యుత్తుచే కంపించి ధ్వనిని పంపును. మరలివచ్చు ప్రతిధ్వనిని తానే విద్యుత్తుగా మార్చును. పలుకుట, వినుట రెండును దాని పనులే.

వేడికి తీరు చెదరిన బిళ్లను, పగులనంతవరకు, మరల క్షేత్రమున నుంచి దిద్దవచ్చును. రాత్రి భోజనవేళ నొక గడియ పిల్లలచే తెలుగు పలికింపుడని పెద్దలకు నా మనవి.