పీణ్యలో నా సైకిల్‌కి కట్టు

బెంగళూరు అనగానే మనవాళ్లకి గుర్తొచ్చేవి మారతహళ్లి పీజీలు, వైట్‌ఫీల్డ్ ట్రాఫిక్కు, వీకెండ్ అయితే నంది హిల్స్. పీణ్యకి ఎవరూ టూర్ వెళ్లరు. నేను మాత్రం ఒకే నెలలో రెండుసార్లు వెళ్లాను. అదీ హైదరాబాద్ నుంచి, దుప్పట్లో చుట్టిన సైకిల్ ఫ్రేమ్ కోసం.

పీణ్య ఊరికి వాయవ్యంగా, తుమకూరు రోడ్డు పక్కన ఉంటుంది. 1970ల్లో మొదలైన ఇండస్ట్రియల్ ఏరియా. మన బాలానగర్‌ని, జీడిమెట్లని కలిపి ఇంకా సాగదీస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. లేత్ మెషీన్ల చప్పుడు, కటింగ్ ఆయిల్ వాసన, టీ బంకుల ముందు యూనిఫాం జనం. అడ్రస్ చూస్తే ఫేజు, క్రాసు, మెయిను... మ్యాప్స్ కూడా రెండుసార్లు తికమకపడింది. ఆటో అన్న తెలుగులోనే మాట్లాడాడు, పీణ్యలో ఇది మామూలే. "ఏంది సార్ అది, వీణా?" అని అడిగాడు. పొద్దున రైల్లో పక్క సీటు ఆంటీ కూడా అదే అడిగింది.

వీణ కాదు, కార్బన్ ఫ్రేమ్. రెండేళ్ల కింద 85 వేలకి సెకండ్ హ్యాండ్‌లో కొన్న రోడ్ బైక్‌ది. అరకు ఘాట్ తొక్కి విశాఖ నుంచి ప్రైవేటు బస్సులో తిరిగొస్తుంటే, డిక్కీలో ఎవరిదో గ్రైండర్ జారి పై ట్యూబ్ మీద పడింది. సైకిల్‌కి 500 లగేజీ చార్జీ తీసుకున్న బస్సువాళ్లు "ఓనర్ రిస్క్ సార్" అని చేతులు దులిపేసుకున్నారు. చూస్తే 4 సెంటీమీటర్ల సన్నటి గీత, అంతే. కానీ బొటనవేలితో నొక్కితే ఆ చోట కొద్దిగా లోపలికి పోతోంది.

హైదరాబాద్ షాపులో కొత్త ఫ్రేమ్‌కి లక్షా నలభై వేలు చెప్పారు. సిరిసిల్లకి ఫోన్ చేసి చెబితే మా బాపు తేల్చేశాడు: "గ్యాస్ వెల్డింగ్ పెట్టియ్యిరా, అయిపోతది."

ఆయన పాత 22 ఇంచుల సైకిల్‌కి అదే చేయించేవాడు, నడిచేది కూడా. స్టీలు కాబట్టి కరుగుతుంది, అతుక్కుంటుంది. కార్బన్ కరగదు. అసలు అది లోహమే కాదు, దారం. ఎక్కువ భాగం కార్బన్ ఫైబర్‌ని యాక్రిలిక్ జాతి పోగుల నుంచే చేస్తారు, అంటే చలికాలం స్వెటర్లకి వాడే ఉన్ని చుట్టమే. దాన్ని వెయ్యి డిగ్రీలు దాటిన వేడిలో, గాలి తగలకుండా మాడుస్తారు. మిగిలే పోగు మందం 5 నుంచి 7 మైక్రాన్లు, మన వెంట్రుకలో పదో వంతు. అలాంటి పోగుల పట్టీల్ని పొరలు పొరలుగా పేర్చి, ఎపాక్సీ జిగురుతో గట్టిపరిస్తే అదే ఫ్రేమ్. ఇదంతా చెబితే, నలభై ఏళ్లు మరమగ్గాల మధ్య గడిపిన బాపు ఒక్కటే అడిగాడు. "పోగులు తెగినయా, పొరలు ఊడినయా?"

సరిగ్గా ఆ సంగతే పైకి కనబడదు. స్టీలు వంగి చెబుతుంది. కార్బన్ లోపల పొరలు విడిపోయినా పైన పెయింటు నిగనిగలాడుతూనే ఉంటుంది.

మరి బెంగళూరే ఎందుకంటే, విమానాల వల్ల. మన తేజస్ ఫైటర్ ఎయిర్‌ఫ్రేమ్ బరువులో దాదాపు 45 శాతం కార్బన్ కాంపోజిట్లే. హెచ్ఏఎల్, ఎన్ఏఎల్ ఉన్న ఊళ్లో ఆ పని చేతికి వచ్చినవాళ్లు దొరుకుతారు. నేను వెళ్లిన షెడ్డు ఓనరు కూడా విమాన భాగాల వర్క్‌షాపులో పదేళ్లు చేసి బయటికొచ్చినాయనే. ఊరు హిందూపురం.

రేకుల షెడ్డు, కొక్కేలకి వేలాడుతున్న ఆరు ఫ్రేములు, మూల ఒక ఏసీ గది. దుప్పటి విప్పగానే, "ఏమప్పా, బస్సులో ఏసినావా?" అన్నాడు. ఆ డిక్కీ దెబ్బ ఆయనకి బాగా తెలుసు. జేబులోంచి రూపాయి బిళ్ల తీసి ట్యూబ్ మీద కొట్టుకుంటూ పోయాడు. బాగున్నచోట టక్ టక్ అంటోంది. గీత దగ్గరికొచ్చేసరికి డబ్ డబ్. చప్పుడు మారిన చోటల్లా తెల్ల పెన్సిల్‌తో చుక్కలు పెట్టి కలిపాడు. పైకి కనబడ్డ గీత 4 సెంటీమీటర్లు, ఆయన గీసిన గుండ్రం 11. తర్వాత చిన్న అల్ట్రాసౌండ్ మెషీన్‌తో మిగతా ఫ్రేమంతా చూశాడు. ఈ చెకింగ్‌కే 1,500. నన్నడిగితే మొత్తం బిల్లులో అన్నిటికంటే న్యాయమైన డబ్బు ఇదే. ఇంకోచోట పగులు ఉండి, ఘాట్ దిగుతుంటే తెలిస్తే?

పని చూడనిచ్చాడు, మాస్క్ పెట్టుకుంటేనే. కార్బన్ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, చర్మానికి తగిలినా దురదే. దెబ్బతిన్న పొరల్ని ఏటవాలుగా, మెట్లు మెట్లుగా అరగదీశాడు. కొత్త బట్ట, పాత బట్ట ఒకదాని మీదొకటి ఎక్కువ మేర పరుచుకోవాలి, అతుకు బలమంతా అక్కడే. ఆ తర్వాత ఒక పొర ట్యూబ్ పొడవునా, ఇంకోటి 45 డిగ్రీల ఏటవాలులో, మళ్లీ పొడవునా. పొడవు పోగులు వంగకుండా పట్టుకుంటాయి, ఏటవాలువి మెలిక తిరగకుండా. దాని మీద ప్లాస్టిక్ కవర్ చుట్టి పంపుతో గాలి లాగేసి, హీట్ ల్యాంపుల కింద రాత్రంతా ఉంచుతారు. కొత్తగా చేరిన బరువు 35 గ్రాములు.

నేనున్నప్పుడే ఒక కుర్రాడు ఫోర్క్ తెచ్చాడు. హ్యాండిల్ కింద గొట్టంలో పగులు. అన్న చూసి వెనక్కిచ్చేశాడు. కుర్రాడు డబుల్ ఇస్తానన్నాడు. "నాలుగింతలిచ్చినా ఇదొక్కటి చేయనప్పా. ఇది ఇరిగితే నీ మూతి రోడ్డు మీదుంటాది. కొత్తది కొనుక్కో." పాపం, ఆ అబ్బాయి మొహం చూడలేకపోయాను. కానీ నా ఫ్రేమ్‌ని నిశ్చింతగా అక్కడ వదిలి రైలెక్కింది మాత్రం ఆ మాట విన్నాకే.

ఇక లెక్క. చెకింగ్ 1,500, రిపేరు 9,500. పాత రంగులోకి కలిసిపోయేలా పెయింటుకి ఇంకో 6,000 అన్నాడు. వద్దనుకున్నా. దెబ్బచోట నల్లటి బట్ట నేత కనబడేలా ఉత్త క్లియర్ కోట్ వేయించా, 1,200. పిసినారితనం కొంత ఉందనుకోండి. కానీ పెయింటు కింద మళ్లీ గీత పడితే ఎలా తెలుస్తుంది? మొత్తం 12,200, దాని మీద 18 శాతం జీఎస్టీ 2,196, వెరసి 14,396. రెండు ట్రిప్పుల రైళ్లు, ఆటోలు, దోసెలు 6,200. హైదరాబాద్‌లో మెకానిక్ పార్టులు విప్పి, మళ్లీ బిగించినందుకు 2,500. అన్నీ కలిపితే 23,096.

అందులో బట్ట, జిగురు ఖర్చు వెయ్యి కూడా ఉండదని అన్నే చెప్పాడు. మిగతాదంతా చేతిపని. క్లయింట్‌కి నా గంటకి మా కంపెనీ వేసే బిల్లు తెలుసు కాబట్టి నేను బేరమాడలేదు.

అందరికీ ఇది గిట్టుబాటు కాదు. ఫ్రేమే 30 వేలది అయితే నేనైతే పీణ్య రైలెక్కను. పెడల్స్ దగ్గరి బాటమ్ బ్రాకెట్ గానీ, ముందు హెడ్ ట్యూబ్ గానీ పగిలితే పని పెద్దది, ఖర్చూ పెద్దది. ఇలా బయట చేయిస్తే కంపెనీ వారంటీ మీద ఆశ వదులుకోవాల్సిందే. నాది సెకండ్ హ్యాండ్, కాబట్టి ఆ బెంగ లేదు.

ఫిట్టింగ్ అయ్యాక మొదటి రైడు ఓఆర్ఆర్ పక్కన 2023లో తెరిచిన సోలార్ కప్పు ట్రాక్ మీద, 23 కిలోమీటర్లూ. మొదటి ఐదు కిలోమీటర్లు రోడ్డు కంటే ట్యూబ్‌నే ఎక్కువ చూశాను. ఇప్పుడు ఆదివారం గుడ్డతో తుడిచి, రూపాయి బిళ్లతో ఒకసారి కొట్టి చూస్తున్నా. టక్ టక్ అంటోంది.

మీరూ పంపాలనుకుంటే, ముందు వెలుతుర్లో నాలుగు వైపులా ఫొటోలు తీసి పంపండి, రానక్కర్లేదనుకుంటే అన్న అక్కడే చెప్పేస్తాడు. పార్టులన్నీ విప్పించే తీసుకెళ్లండి. రైల్లో పై ర్యాక్‌లో దుప్పటి సరిపోతుంది. బస్సు డిక్కీ మాత్రం వద్దు.