మోయాబు దారిలో మోకు పాఠం

అమెరికాలోని యూటా రాష్ట్రంలో మోయాబు అనే చిన్న పట్టణం ఉన్నది. పేరు వినగానే మీకు రూతు స్వదేశం గుర్తుకు వస్తుంది. చుట్టూ ఎర్రరాతి కొండలు. 1950లలో యురేనియం వెదికినవారు వేసిన బాటలు అక్కడ చాలా ఉన్నాయి. ఆ బాటల్లో, ఆ బండలమీద జీపులు నడపడానికి ఇప్పుడు దూరప్రాంతాల నుండి జనం వస్తారు.

మేముండే డెన్వర్ నుండి అది దాదాపు 570 కిలోమీటర్లు. బండలమీద జీపు ఇరుసు విరిగితే ఇంటికి చేరడమెలా? అందుకని జీపును ట్రైలరు మీద ఎక్కించి, పికప్ ట్రక్కుతో లాగించుకొని బయలుదేరాము. పశ్చిమ గోదావరి నుండి మమ్మల్ని చూడవచ్చిన నాన్నగారు, పిల్లలు మాతో ఉన్నారు.

జీపు బరువు సుమారు 2,000 కిలోలు. దానిని ట్రైలరు మీద ఎక్కడ నిలపాలన్నదే మొదటి సంగతి. బరువు వెనుకకు పోతే ట్రైలరు తోకలా ఊగి, లాగే బండినే తిప్పివేస్తుంది. మరీ ముందుకు జరిగితే ట్రక్కు వెనుకభాగం క్రుంగి, ముందు చక్రాలకు పట్టు తగ్గుతుంది. ట్రైలరు, జీపు కలిసిన బరువులో 10 నుండి 15 శాతం ట్రక్కు కొక్కెం మీద పడేటట్లు నిలిపాము. హ్యాండ్ బ్రేకు వేసి, నాలుగు మూలలా నాలుగు రాచెట్ పట్టీలు బిగించాము. ఒక్కొక్కటి సుమారు 1,500 కిలోలకు తగినది. అది తెగే బరువులో మూడో వంతే.

పట్టీలను ఇరుసులకు కట్టడం మేలు. చట్రం స్ప్రింగుల మీద ఊగుతుంది గనుక దానికి కట్టినది దారిలో వదులౌతుంది. ముందు రెండూ ఇరుసుకే కట్టాము గాని, చేతికి అందుతున్నదని వెనుక రెండింటినీ చట్రానికే తగిలించాము.

నాన్నగారు చూసి, “గడ్డిబండికి మోకు బిగించి, ఊరు దాటగానే ఆపి మళ్లీ బిగించేవాళ్లం. గడ్డి సర్దుకుంటే మోకు వదులౌతుందిరా” అన్నారు.

“ఇది గడ్డి కాదు నాన్నా, ఇనుము” అని నవ్వాము.

50 కిలోమీటర్లు పోయాక ఐడహో స్ప్రింగ్స్ అనే ఊరు వచ్చింది. “అబ్బాయీ, ఒక్కసారి ఆపు” అన్నారు. పొద్దుపోతుందని విసుక్కుంటూనే ఆపాము. దిగి చూస్తే వెనుక ఎడమవైపు పట్టీ వేలాడుతున్నది. కొక్కెం ఒక్క వేలితో ఊడి వచ్చింది!

మాకు నోట మాట రాలేదు. ముందున్నది 11,000 అడుగుల ఎత్తున ఐసెన్‌హోవర్ సొరంగం. అది దాటితే నూరడుగులకు ఏడడుగులు దిగే వాలు. బ్రేకులు పోయిన లారీలు ఆగడానికి అక్కడ రోడ్డు పక్కనే ప్రత్యేకంగా దారులు కట్టారు. ఆ వాలులో జీపు పక్కకు జరిగి ఉంటే, వెనుక వచ్చే కార్లలోని పిల్లల గతి ఏమయ్యేది?

నాన్నగారు ఒక్క మాట అనలేదు. వెనుక పట్టీలు విప్పి ఇరుసుకు కట్టాము. మిగిలిన కొసలు ఎగరకుండా ముడివేశాము. ఆ తరువాత ఆగిన ప్రతిచోటా నాలుగింటినీ చేత్తో లాగి చూశాము.

సాయంకాలానికి మోయాబు చేరాము. మరునాడు ఆర్చెస్ జాతీయవనంలో పిల్లలు రాతి తోరణాలు లెక్కపెట్టబోయి అలసిపోయారు. అవి 2,000కు పైగా ఉన్నాయి మరి!

చదువరులారా, మీరు ట్రాక్టరు తొట్టెలో బస్తాలే వేసుకున్నా, లారీ మీద పెండ్లి సామానే ఎక్కించినా, ఊరు దాటగానే ఒకసారి ఆగి చూడండి. తిరుగు ప్రయాణంలో ఐడహో స్ప్రింగ్స్ వద్ద, నాన్నగారు చెప్పకముందే మేము బండి ఆపాము.